వానల్లో అడవి ట్రైల్ ఎక్కేముందు: సైకిల్ కన్నా ముందు వాగు చూసుకోండి

వానలు పడ్డాక అడవి ట్రైల్స్ మీద సైకిల్ తొక్కడమంటే నాకు పిచ్చి, దుమ్మంతా అణిగిపోయి నేల మెత్తబడి టైరు కింద నుంచి ఆ మట్టివాసన వస్తుంటే ఇంట్లో కూర్చోబుద్ధి కాదు. ఈ సీజన్‌లో మొదటిసారి కొండల్లోకి వచ్చేవాళ్లంతా అడిగేది మాత్రం ఒక్కటే, జారిపడకుండా ఎలా తొక్కాలి అని. చెప్తాను, కానీ నన్నడిగితే అది తర్వాతి సంగతి. జారిపడితే మోచెయ్యి గీరుకుంటుంది, ఖర్మ బాలేకపోతే ఎముక విరుగుతుంది, అదే వాగు దగ్గర లెక్క తప్పితే మనిషే దక్కడు. లోయలోకి దిగే ట్రైల్ చాలావరకు ఎక్కడో ఒకచోట నీళ్లు దాటుతుంది కాబట్టి ప్లాన్ అక్కడ నుంచే మొదలవ్వాలి.

మాకు ఒకసారి బుద్ధొచ్చింది. పొద్దున ఏడింటికి ముగ్గురం షూ విప్పి చేత్తో పట్టుకుని పిక్కల్లోతు నీళ్లలో సైకిళ్లు తోసుకుంటూ జోకులేసుకుంటూ దాటేశాం (షూ విప్పడమే మొదటి తప్పు, దాని గురించి కింద చెప్తా). మా మీద ఒక్క చినుకు పడలేదు, పైన ఎండ కాస్తోంది. పదకొండున్నరకి తిరిగొచ్చేసరికి నీళ్లు టీ రంగులోకి మారిపోయాయి, ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి, పొద్దున గలగలమన్న వాగు ఇప్పుడు హోరుమంటోంది. మాలో ఒకడు "ఏం కాదు రా, దాటేద్దాం" అంటాడు. నేను సరిగ్గా నీటి అంచున అరచెయ్యంత రాయి ఒకటి పెట్టి చూస్తూ కూర్చున్నా. పది నిమిషాల్లో రాయి మునిగిపోయింది. ఇంక వాడూ మాట్లాడలేదు. సైకిళ్లు మోసుకుని గట్టు మీదికెక్కి కూర్చున్నాం, ఆ రాయి మళ్లీ బయటపడేసరికి నాలుగైంది.

పైన కొండల్లో ఎక్కడో కురిసిన వాన కింద లోయలోకి రావడానికి టైం పడుతుంది, అందుకే మీరు నిలబడ్డ చోట ఆకాశం ఎలా ఉంది అనేది కాదు లెక్క, ఆ వాగులోకి నీళ్లు ఏ కొండల నుంచి వస్తాయో అక్కడి ఫోర్‌కాస్ట్ చూడాలి, ముందురోజు రాత్రి ఎంత పడిందో కూడా చూడాలి. వేగంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్లు ఉన్నా పెద్ద మనిషిని పడగొట్టగలవు, ఇది చాలామంది నమ్మరు, చెరువులో నిలబడ్డట్టు అనుకుంటారు. నీళ్లు కలక బారి అడుగు కనపడకపోతే దాటొద్దు. దాటొచ్చు అనిపించినా తొక్కుతూ దాటొద్దు, దిగండి. ఇరుకుగా ఉన్నచోట నీళ్లు లోతుగా, జోరుగా ఉంటాయి, వెడల్పుగా పరుచుకున్న చోటు వెతకండి, వెతికాక కింది వైపు ఓసారి చూడండి, అక్కడ పడిపోయిన చెట్టో, దూకే నీళ్లో ఉంటే ఆ చోటు వద్దు, ఎందుకంటే కాలు జారితే పోయేది అటే. బ్యాగుకి ఛాతీ దగ్గర, నడుం దగ్గర ఉండే క్లిప్పులు తీసేయండి, పడితే బ్యాగు విడిపించుకోగలగాలి. సైకిల్ మీకు కింది వైపు ఉండాలి, పై వైపు పెట్టుకుంటే ప్రవాహం దాన్ని తెచ్చి మీ కాళ్లకే కొడుతుంది. షూ వేసుకునే ఉండండి, పాచి పట్టిన రాళ్ల మధ్య వట్టికాలు ఇరుక్కుంటే అయిపోయినట్టే. సైకిల్ చెయ్యి జారిందా, వదిలేయండి. ఎంత పెట్టి కొన్నారో అప్పుడు గుర్తు తెచ్చుకోవద్దు.

ఇక సైకిల్. వానల్లో అన్నిటికన్నా ముందు మోసం చేసేది బ్రేక్ ప్యాడ్లు. ఎండాకాలంలో నెలల తరబడి వచ్చే ఆర్గానిక్ ప్యాడ్లు (రెసిన్‌తో చేసిన మెత్తటి రకం) ఇసుక కలిసిన బురదలో ఒక్కోసారి ఒక్క పెద్ద దిగుడుకే అరిగిపోతాయి, ఇసుక రోటర్‌కీ (చక్రంతో పాటు తిరిగే బ్రేక్ డిస్క్), ప్యాడ్‌కీ మధ్య చేరి ఉప్పుకాగితంలా నూరేస్తుంది. మెటల్ కలిసిన సింటర్డ్ ప్యాడ్లు తడిలో ఎక్కువ నిలబడతాయి, కాకపోతే గోల ఎక్కువ చేస్తాయి, చేయనివ్వండి. బయల్దేరే ముందు చక్రం తీసి ప్యాడ్లు బయటికి లాగి చూడండి, ఇనుప పలక మీద మిగిలిన మెటీరియల్ 1 మిల్లీమీటర్ కన్నా తక్కువుంటే మార్చేయండి, చక్రం తీసి ఉన్నప్పుడు మాత్రం బ్రేక్ లివర్ నొక్కకండి, ప్యాడ్లని తోసే పిస్టన్లు బయటికొచ్చేస్తాయి. ఒక జత స్పేర్ జేబులో వేసుకోండి, అగ్గిపెట్టెంత కూడా ఉండవు. ఇంకోటి, బ్రేకు లోపల పోసే ఆయిల్. కొన్ని బ్రేకులకి మినరల్ ఆయిల్, కొన్నిటికి డాట్ ఫ్లూయిడ్ అనే వేరే రకం ద్రవం, ఒకదాంట్లో ఇంకోటి పోస్తే లోపల సీళ్లు పాడైపోతాయి, తెలియకపోతే బ్రేక్ మీద రాసుంటుంది, చదవండి. చైన్‌కి స్ప్రే కొట్టేటప్పుడు రోటర్ మీద చిన్న తుంపర పడినా బ్రేక్ పోయినట్టే, అందుకే నేను స్ప్రే మానేసి చుక్కల సీసా వాడతా.

దిగుడులో మొత్తం బ్రేకులు పట్టుకుని ఈడ్చుకుంటూ రావద్దు, రోటర్ కాలి పట్టు తగ్గిపోద్ది, చేతులు లాగేస్తాయి. మలుపుకి ముందే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే గట్టిగా స్పీడు తగ్గించి, మలుపులో వదలండి. నీళ్లలోంచి బయటికొచ్చాక ఒకట్రెండుసార్లు మెల్లగా పట్టి వదిలితే తడి ఆరి పట్టు వస్తుంది, ఆరకముందే దిగుడు మొదలుపెట్టొద్దు.

టైర్ల గాలి మామూలుగా పెట్టేదానికన్నా 2, 3 పీఎస్ఐ తగ్గిస్తే చాలు, మరీ దించేస్తే రాళ్లకి రిమ్ తగులుద్ది. ట్యూబ్‌లెస్ అయితే సీలెంట్ (పంక్చర్లు పూడ్చడానికి టైరు లోపల పోసే ద్రవం) ఎండిపోయిందేమో చూసుకోండి, కొన్ని నెలలకే ఎండిపోద్ది, చక్రం ఊపితే లోపల గలగలమని వినపడాలి. వేర్ల సంగతి: తడిసిన వేరు సబ్బుబిళ్ల లాంటిది. దానికి తిన్నగా ఎదురెళ్లి, సైకిల్ నిటారుగా ఉంచి దాటాలి, ఏటవాలుగా వెళ్తే ముందు చక్రం పక్కకి లాగేస్తుంది, దాని మీద ఉన్నంతసేపు బ్రేక్ వద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. చెక్క వంతెనలకీ ఇదే లెక్క. ఆకులు గుట్టగా పడున్నచోట కింద రాయుందో గుంటుందో తెలీదు, ఉందనే అనుకోండి.

మెరుపు కనపడ్డాక ఉరుము వినిపించడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి, 30 లోపైతే పిడుగు దాదాపు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, శిఖరం మీద నుంచి, బయలు నుంచి వెంటనే దిగిపోవాలి. రబ్బరు టైర్లున్నాయి కదా ఏం కాదు అనేవాళ్లు ఇంకా ఉన్నారు, అదంతా ఉత్తిదే. ఒంటరిగా ఉన్న పెద్ద చెట్టు కింద నిలబడటం అన్నిటికన్నా చెడ్డ ఐడియా. దగ్గర్లో బిల్డింగో, తలుపులు మూసిన కారో ఉంటే అందులో, లేకపోతే పల్లపు చోట ఒకే ఎత్తున్న చిన్న చెట్ల మధ్య, అదీ ఒకరికొకరు దూరంగా. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగాలి. కొండని కోసి వేసిన దారిలో పైనుంచి చిన్న చిన్న రాళ్లు రాలుతున్నా, నేలలో కొత్త పగుళ్లు కనపడినా, చెట్లు కొత్తగా ఒరిగి ఉన్నా అక్కడ ఫొటోలు తీసుకోవడానికి ఆగకండి, వెనక్కి తిరగండి.

బురద నోట్లోకి పోకుండా చూసుకోవడం గురించి ఎవరూ చెప్పరు. 2007లో కెనడాలో బ్రిటిష్ కొలంబియాలో, 2008లో వేల్స్‌లో బురదలో జరిగిన సైకిల్ రేసుల తర్వాత ఎంతోమంది రైడర్లు విరేచనాలతో పడకేశారు, క్యాంపైలోబాక్టర్ అనే బ్యాక్టీరియా, జంతువుల పేడ కలిసిన బురద చిమ్మి మొహం మీద, బాటిల్ మూతి మీద పడటం వల్ల. కాబట్టి ముందు చక్రానికి మడ్‌గార్డ్ పెట్టుకోండి, మూతున్న బాటిలో, బ్యాగులో వాటర్ బ్లాడరో (గొట్టంతో తాగే నీళ్ల సంచి) తెచ్చుకోండి. గాయాలుంటే కప్పుకోండి, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, నిర్లక్ష్యం చేస్తే కిడ్నీల మీదికి వస్తుంది. జలగని ఉప్పుతో, నిప్పుతో కాదు, గోరుతో పక్కకి తోసి తీయండి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏదీ వద్దు, ఉంగరం, వాచీ తీసేసి ఆ కాలో చెయ్యో కదలకుండా కట్టి మనిషిని మోసుకుని హాస్పిటల్‌కి. అతన్ని తొక్కనివ్వకండి, నడవనివ్వకండి.

గుబురు అడవిలో సాయంత్రం గంట ముందే వచ్చేస్తుంది, లైటు పగటి రైడ్‌కైనా ఉండాలి. తిరుగు టైం ముందే అనుకోండి, ఆ టైం అయిందంటే శిఖరం వంద మీటర్ల దూరంలో ఉన్నా వెనక్కే. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి, మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకుని ఫోన్‌ని వాటర్‌ప్రూఫ్ కవర్లో పెట్టండి. దారి చీలే ప్రతిచోటా వెనకాల వచ్చే చివరి మనిషి కనపడేదాకా ఆగాలి, మేమైతే చివర్లో ఎప్పుడూ అనుభవం ఉన్నవాణ్ణే పెడతాం. ఎవరైనా తల కొట్టుకుని పడి, అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నా, వాంతి చేసుకున్నా ఆ రోజుకి రైడ్ అయిపోయింది, ఆ హెల్మెట్ పని కూడా అయిపోయింది, పైకి బానే ఉన్నా లోపల ఫోమ్ నలిగిపోయి ఉంటుంది.

ఇంటికొచ్చాక సైకిల్‌ని ప్రెషర్ పంపుతో కడిగితే హబ్బుల్లో, పెడల్ ఇరుసు దగ్గర బేరింగుల్లోకి నీళ్లు కొట్టినట్టే, బకెట్టూ బ్రష్షూ చాలు. కడిగాక చక్రాన్ని చెవి దగ్గర పెట్టి తిప్పండి, గరగరమంటే వచ్చేవారానికి వాయిదా వేయకుండా విప్పించండి.