వైజాగ్‌లో రెండు రోజులు హాయిగా తిరగాలంటే ఎలా?

ముందు ఆ పెద్ద లిస్టు పక్కన పడేయండి. అరకు, బొర్రా, సింహాచలం, కైలాసగిరి అన్నీ రెండు రోజుల్లో కుక్కి నేనోసారి వెళ్లొచ్చాను, ఇప్పుడు తలుచుకుంటే గుర్తొచ్చేది కారు సీటు కవరు రంగొక్కటే. అరకు ఒక్కదానికే, వెళ్లడానికే వంద కిలోమీటర్ల పైమాట, దానికి ఇంకోసారి వెళ్లండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. హైదరాబాద్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి దిగుతారు. రూము జగదాంబ జంక్షన్ చుట్టుపక్కల తీసుకుంటే బీచ్‌కీ, పాతూరికీ ఆటోలో దగ్గర. సముద్రం కనిపించే గదికి డబ్బు పోయడం నాకైతే దండగ, గదిలో ఉండేదెంతసేపని?

మొదటి రోజు బ్యాగు పడేసి నేరుగా ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లండి. ఎండ ఎక్కాక వెళ్తే వాసన తప్ప ఏమీ మిగలదు. పొద్దున్నే అయితే పడవల్లోంచి బుట్టలు దిగుతూంటాయి, కాళ్ల కింద ఐసు నలుగుతుంది, వంజరాలు, చందువాలు కుప్పలు పోసి బేరాలాడుతూంటారు. దారికడ్డంగా ఫోను పట్టుకుని నిలబడితే "జరుగు బాబూ" అని ఓ అరుపు అరుస్తారు, తప్పు మనదే. జారని చెప్పులు వేసుకోండి, ఫొటోకి ముందు అడగండి.

తర్వాత టిఫిన్. ఆటోవాళ్లు నిలబడి తింటున్న బండి దగ్గర ఆగండి, అంతకన్నా పెద్ద రివ్యూ అక్కర్లేదు. పూరీతో బొంబాయి చట్నీ, అదే శనగపిండి ఉల్లిపాయ వేసి ఉడికించేది, తప్పకుండా అడగండి. ఇద్దరుంటే ఒకటే ప్లేటు చెప్పండి, ఇంకో బండికి చోటుండాలి కదా.

అక్కణ్నుంచి వన్‌టౌన్‌లో, అంటే పాతూళ్లో, నడకే. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడిలో అమ్మవారికి పైకప్పు ఉండదు, ఎవరి పూజ వాళ్లే చేసుకోవచ్చు. మార్గశిర గురువారాల్లో మాత్రం ఇసకేస్తే రాలదు. దగ్గర్లోనే కురుపాం మార్కెట్ సందులు. ఓపికుంటే రాస్ హిల్ ఎక్కండి: పక్కపక్కనే మూడు కొండలు, ఒకదానిపై చర్చి, ఒకదానిపై దర్గా, మూడోదానిపై వెంకన్న గుడి. ఎదురుగా సముద్రంలోకి చొచ్చుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ, మధ్యలో ఓడలు వచ్చే దారి. అదృష్టముంటే ఓ పెద్ద ఓడ మెల్లగా లోపలికి రావడం చూస్తారు.

మధ్యాహ్నం పడుకోండి. సిగ్గుపడక్కర్లేదు.

సాయంత్రం ఆర్కే బీచ్. కురుసుర సబ్‌మెరైన్ 2001లో నేవీ నుంచి రిటైరై 2002 నుంచి మ్యూజియంగా ఉంది, సోమవారం సెలవు. బయటికొచ్చాక మురీ మిక్చర్ బండి వెతుక్కోండి. మరమరాలు, సన్నగా తరిగిన ఉల్లి, టొమాటో, వేరుశనగలు, కారం, ఆఖర్న నిమ్మకాయ పిండి గబగబా కలిపి పొట్లంలో పోస్తాడు. చేతికందగానే తినేయాలి, సెల్ఫీ తీసుకునేలోపు మెత్తబడిపోతుంది. నీళ్లలోకి మాత్రం దిగకండి, ఇక్కడ అలల లాగుడు ఎక్కువ.

రెండో రోజు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లి, పాత డచ్ సమాధులు చూసి, మధ్యాహ్నానికి చేపల పులుసు, అన్నం తిని వచ్చేయండి. రైలెక్కేముందు మాడుగుల హల్వా కొనుక్కోండి. గోధుమ పాలతో చేస్తారు, కొన్నాళ్లు నిలవుంటుంది. ప్యాకెట్ మాత్రం రైల్లో విప్పకండి, విప్పితే ఇంటిదాకా రాదు.