సమాధి రాయి మీద సిపాయి పేరు: వెతుకులాట ఎక్కడ ఆగుతుంది, ఎలా కదిలించాలి

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల సమాధుల తోటల్లో "సిపాయి", "హవల్దారు", "జమేదారు" అని చెక్కిన పాత రాళ్లు అక్కడక్కడా కనిపిస్తాయి. ఆ మనిషి ఎవరో తెలుసుకోవాలనుకునేవాళ్లు చాలావరకు పేరుతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఆధారాలన్నిటిలో బలహీనమైనది పేరే. సర్వీసు నంబరు, పటాలం, తండ్రి పేరు, ఊరు, చనిపోయిన సంవత్సరం చేతిలో ఉంటే పేరు తప్పుగా ఉన్నా మనిషి దొరుకుతాడు.

సమస్య: అక్షరాలు కనబడవు

సమాధుల పండుగకు ఏటా వేసే సున్నం పొర మీద పొర పేరుకుని చెక్కుడు పూడిపోతుంది. మంచినీళ్లు పోసి నాననిచ్చి, మెత్తటి బ్రష్షుతోనూ వెదురు పుల్లతోనూ కొద్దికొద్దిగా తియ్యండి. ఇనుప బ్రష్షు వద్దు. బాత్రూము యాసిడ్ అసలే వద్దు. నాపరాయి అంటే సున్నపురాయే కాబట్టి యాసిడ్ సున్నంతో పాటు అక్షరాన్నీ తినేస్తుంది. ఫొటో పొద్దెక్కకముందు గానీ సాయంత్రం గానీ తియ్యండి. లేదంటే ఫోను టార్చిని రాయికి పక్కగా పట్టండి, నీడ పడి గాట్లు తేలతాయి. రాయి పక్కలు, వెనక వైపు కూడా చూడండి.

సమస్య: సంవత్సరం పొసగదు

తెలుగు సంవత్సరం పేరు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది. "కాళయుక్తి" అంటే 1918-19 కావచ్చు, 1858-59 కావచ్చు, 1978-79 కూడా కావచ్చు. ఏదో తేల్చేది పటాలం పేరే. ముస్లిం సమాధుల మీద హిజ్రీ (ఇస్లామిక్ కేలండరు) సంవత్సరం ఉంటుంది. దానికి 622 కలిపితే తప్పు వస్తుంది, ఎందుకంటే హిజ్రీ ఏడాదికి 354 లేదా 355 రోజులే. ఉదాహరణకు 1336 హిజ్రీ 1917 అక్టోబరులో మొదలై 1918 అక్టోబరులో ముగిసింది.

సమస్య: రాయి మీది పటాలం ఏ జాబితాలోనూ లేదు

1903లో మద్రాసు పటాలాల నంబర్లకు 60 కలిపారు. 1వ మద్రాసు పటాలం 61వ పయనీర్లయింది (పయనీర్లంటే దారులు వేసే పనులూ చేసే సిపాయిలు), 4వది 64వ పయనీర్లు, 21వది 81వ పయనీర్లు. 1922 తర్వాత మళ్లీ మార్పులు జరిగాయి, 1933లో మద్రాసు పయనీర్లను రద్దు చేశారు. కాబట్టి చనిపోయిన ఏడాదికే కాదు, చేరిన ఏడాదికి ఆ పటాలాన్ని ఏమని పిలిచేవారో కూడా చూసుకోవాలి.

సమస్య: కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో పేరు రాదు

రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో చనిపోయిన సైనికుల సమాధులు, పేర్ల రికార్డు చూసే సంస్థ ఇది. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే, కారణాలూ ఎక్కువే.

మొదటిది ఇంటిపేరు. సైన్యం రికార్డులో మనవాళ్ల ఇంటిపేరు తరచు ఉండదు. ఉన్న ఒక్క పేరే ఇంటిపేరు గడిలో పడి ఉంటుంది. రెండోది స్పెల్లింగు. ఇంగ్లీషులో "రామయ్య" చివర ఐఏహెచ్, ఏవైవైఏ, ఏవైఏ మూడూ ప్రయత్నించాలి. "యేసు"తో మొదలయ్యే పేర్లను జె కింద, వై కింద రెండు చోట్లా చూడాలి. క్రైస్తవుల్లో కొందరికి బాప్తిస్మం పేరు వేరు, భర్తీ అయిన పేరు వేరు.

అందుకే పేరు గడి ఖాళీగా వదిలి, ఇండియన్ ఆర్మీ ఎంచుకుని, అదనపు సమాచారం గడిలో ఊరు గానీ జిల్లా గానీ కొట్టండి. తండ్రి పేరు, ఊరు, జిల్లా చాలామందికి అక్కడ ఉంటాయి. విజయవాడకు "బెజవాడ" అనే కొట్టాలి. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో, అంతకు ముందు ఆ ఊళ్లు చాలావరకు కృష్ణా జిల్లాలోవి. "కృష్ణా"కు పాత ఇంగ్లీషు స్పెల్లింగులో ఎస్ తర్వాత టి ఉంటుంది. ఒంగోలు 1970 దాకా గుంటూరు జిల్లాయే.

మూడోది తేదీ. కమిషన్ పరిధి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, మళ్లీ 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు. దాని బయట చనిపోయినవాళ్ల పేర్లు అక్కడ ఉండవు, ఎంత వెతికినా దండగ. లాహోరు మ్యూజియంలోని సైనికుల రిజిస్టర్లు చూద్దామనుకునేవాళ్లకూ ఒక మాట: అవి పంజాబువాళ్లవి.

సమస్య: పేరు దొరికింది, కానీ స్మారకం ఇరాక్‌లోని బస్రాలో ఉంది

తప్పేమీ లేదు. ఊళ్లో రాయి జ్ఞాపకార్థం వేసింది, కింద దేహం ఉండకపోవచ్చు. చర్చి సమాధి రిజిస్టరులో ఆ తేదీకి ఖననం నమోదు లేకపోతే ఇదే కారణమనుకోవచ్చు. బస్రా స్మారకం పలకల ఫొటోల్లో పేరు కనబడకపోయినా గాభరా పడొద్దు. ఇండియన్ సిపాయిల పేర్లు అక్కడ చెక్కలేదు, పటాలం కింద ఎంతమందో సంఖ్య మాత్రమే వేశారు. పేర్లు కమిషన్ రికార్డులో ఉన్నాయి.

సమస్య: ఆయన తిరిగొచ్చి, పింఛను తీసుకుంటూ చనిపోయాడు

ఇంట్లో మెడల్ ఉంటే భూతద్దంతో అంచు చూడండి, మొదటి యుద్ధం మెడళ్ల అంచు మీద నంబరు, పేరు, పటాలం ఉంటాయి. డిశ్చార్జి సర్టిఫికెట్టు, పింఛను పుస్తకం పాత ట్రంకుపెట్టెల్లో వెతకండి. 1947 తర్వాత కూడా సర్వీసులో ఉన్నవాళ్లకైతే రికార్డ్స్ ఆఫీసుకు రాయాలి: మద్రాసు రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజినీర్ గ్రూపుకు, పయనీర్ కోర్‌కు బెంగళూరు, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్. చిరునామా, దరఖాస్తు నమూనా కోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. మామూలు ఉత్తరానికి జవాబు రాకపోతే 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపితే, 20 ఏళ్లు దాటిన విషయాలకు ఆ అభ్యంతరం వర్తించదని 8(3) సెక్షను చూపి అప్పీలు చెయ్యండి. దరఖాస్తులో సర్వీసు నంబరు లేకుండా పేరు ఒక్కటే రాస్తే "రికార్డు గుర్తించలేకపోయాం" అనే జవాబే వస్తుంది.