కత్తికి పదును పెట్టే మంచి సిరామిక్ కడ్డీని చవకలో ఎంచుకోవడం ఎలా?

టమాటా మీద పెట్టిన కత్తి తొక్కను తెంచకుండా పక్కకు జారుతోందంటే దాని అంచు మొద్దుబారిందని అర్థం. నున్నటి ఉక్కు కడ్డీ ఒరిగిపోయిన అంచును నిలబెడుతుందే గాని లోహాన్ని అరగదీయదు. సిరామిక్ కడ్డీలో ఉండే అల్యూమినా, మోస్ కాఠిన్యమానంలో వజ్రానికి 10 అయితే తాను 9 వద్ద ఉండేంత గట్టిది కనుక, అంచును సరిచేస్తూనే కొద్దిగా అరగదీసి పదును తెస్తుంది. అయితే అంచు పెచ్చులూడిన కత్తికి ఇది చాలదు, దాన్ని ముందుగా సానరాయి మీద నూరవలసిందే.

కొనేటప్పుడు మొదట పొడవు చూడండి. పిడిని లెక్కలోకి తీసుకోకుండా కొలవాలి. 8 అంగుళాల కత్తికి కనీసం 10 అంగుళాల కడ్డీ ఉంటే మొన వరకు తడబాటు లేకుండా లాగవచ్చు. తరువాత కడ్డీని బల్ల మీద దొర్లించి వంకర ఉందేమో చూసి, కుండను బేరమాడే ముందు తట్టి చూసినట్లే దీన్నీ వేలితో తట్టండి. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే లోపల పగులు ఉండవచ్చు.

గరుకుదనం విషయంలో అట్టపెట్టె మీది అంకెను నేను పెద్దగా నమ్మను, ఎందుకంటే అందరి కొలతా ఒకటి కాదు. బొటనవేలి గోటిని ఆనించి మెల్లగా లాగినప్పుడు సన్నని తెల్లటి పొడి అంటితే అది వంటింటికి సరిపోతుంది. గోరు గీరుకుపోతే మరీ గరుకు, ఏమీ అంటకపోతే పని చాలా నెమ్మదిగా సాగుతుంది.

కత్తిపీట వాడే ఇంటికి ఈ కడ్డీ మరీ ఉపయోగకరం. లోపలికి వంపు తిరిగిన అంచుకు చదునైన రాయి సరిగా ఆనదు, గుండ్రటి కడ్డీ ఆనుతుంది. అక్కడ అంచు మీద కదిలేది కడ్డీ పట్టిన చెయ్యే కనుక, పిడి దగ్గర చేతికి అడ్డు ఉన్న రకాన్నే తీసుకోండి.

పదును పెట్టేటప్పుడు మడతపెట్టిన తువ్వాలు మీద కడ్డీని నిలువుగా ఆనించి పట్టుకోవాలి. చదరపు కాగితం మూలను సగానికి మడిస్తే 45 డిగ్రీలు, మళ్లీ మడిస్తే 22న్నర వస్తాయి. కత్తిని అంతకంటే కాస్త తక్కువ వాలులో ఉంచి, దాని బరువే ఒత్తిడిగా, పిడి దగ్గరి నుంచి మొన దాకా ఒక్కో వైపు మార్చి మార్చి ఐదారు సార్లు లాగితే చాలు. గట్టిగా నొక్కితే అంచు పాడవుతుంది. ఆ తరువాత కత్తిని తడిగుడ్డతో తుడిచిగాని కూరగాయల మీద పెట్టకూడదు.

కడ్డీ మీద బూడిదరంగు చారలు పేరుకుంటే అది ఉక్కు రజను, దానితో గరుకు మూసుకుపోతుంది. గిన్నెలు తోమే పౌడరు, స్క్రబ్బరుతో రుద్ది కడిగి ఆరబెట్టండి. నూనె పూయనవసరం లేదు. నా మొదటి కడ్డీ గట్టు మీది నుంచి గచ్చు మీద పడి రెండు ముక్కలైంది కాబట్టి, కొక్కేనికి తగిలించేందుకు పిడికి రింగు ఉన్నదాన్నే కొనమని గట్టిగా చెబుతున్నాను.