ట్యాబ్‌లో పాట మా పాప నోటికి ఎలా వచ్చిందంటే

మేం ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. ఇంట్లో తెలుగు, కింద పిల్లలతో కన్నడ, ప్లేస్కూల్లో ఇంగ్లీషు. మూడున్నరేళ్ల పాపకి తెలుగు పాటలు రావాలని ట్యాబ్‌లో ఒక కథల యాప్ వేశాను. నెల గడిచినా ఒక్క పాదం రాలేదు. పక్కన కూర్చుంటే అర్థమైంది. పిల్లిని తాకితే మ్యావ్ అంటుంది, గిన్నెని తాకితే పాలు ఒలుకుతాయి. పాప ధ్యాసంతా వాటిమీదే, పాట వెనకాల ఎక్కడో మోగుతోంది.

ముందు ఆటోప్లే తీసేశాను. వేరే యాప్‌లోకి జారిపోకుండా ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ పిన్నింగ్ పెట్టాను. అసలు మార్పు మాత్రం యాప్ గొంతు ఆపేసి నేనే పాడటంతో వచ్చింది. "పిల్లి వచ్చె మెల్లగా, పాలు తాగె..." అని ఆగేదాన్ని. రెండు రోజులు నా మొహం చూసింది. మూడో రోజు "చల్లగా!" అని అరిచింది. నాకు కళ్లు చెమర్చాయి. మాట చెప్పాకే బొమ్మని తాకాలి, అదొక్కటే మా షరతు. ఆగేది ప్రాస మాట దగ్గరే ఆగాలి, అప్పుడే పిల్లలకి అందుతుంది.

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కూర్చుని స్క్రీన్ చూసేది రోజుకి గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మాకు పావుగంట చాలు. తర్వాత అదే పాట స్నానం దగ్గర, చప్పట్లతో. నిన్న అమ్మమ్మ ఫోన్ చేస్తే మొత్తం పాడేసింది, "కుక్క వచ్చె మెల్లగా" అని మార్చి మరీ.