సర్ ఫ్రాంకీ క్రిస్ప్ పాట ఎలా వినాలంటే

బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ అనగానే చాలామందికి ‘మై స్వీట్ లార్డ్’ గుర్తొస్తుంది. కానీ ఆయన పాటలు ఏళ్ల తరబడి వింటున్నవాళ్లని కదిపి చూడండి, ‘బాలడ్ ఆఫ్ సర్ ఫ్రాంకీ క్రిస్ప్’ పేరు ఎక్కడో ఒకచోట తప్పకుండా వస్తుంది, వచ్చాక ఇక ఆ కబుర్లు ఒక పట్టాన ఆగవు. 2009లో హారిసన్ సోలో పాటల్లోంచి ఏరి ఒక సంకలనం వేస్తే దానికి ‘లెట్ ఇట్ రోల్’ అని పేరు పెట్టారు, అది ఈ పాటకున్న రెండో పేరే. చిక్కేంటంటే మొదటిసారి విన్నప్పుడు ఇది పెద్దగా పట్టుకోదు. మెల్లగా మొదలై మెల్లగా వెళ్లిపోతుంది, మాటలు సగం పాతకాలం ఇంగ్లిష్‌లో ఉంటాయి, ఎవరీ ఫ్రాంకీ అన్నది పాటలో ఎక్కడా చెప్పరు. అలా విని పక్కన పెట్టేసినవాళ్లు ఇంకోసారి ఇలా ప్రయత్నించండి.

ముందు ఆ మనిషి గురించి తెలుసుకోండి, పాట తర్వాత. సర్ ఫ్రాంక్ క్రిస్ప్ లండన్‌లో పేరున్న లాయర్. మైక్రోస్కోపులంటే పిచ్చి, రాయల్ మైక్రోస్కోపికల్ సొసైటీకి కార్యదర్శిగా కూడా చేశాడు. ఇంగ్లండ్‌లో థేమ్స్ ఒడ్డున ఉన్న హెన్లీ ఊళ్లో ఫ్రైయర్ పార్క్ అనే ఎస్టేట్‌ని 19వ శతాబ్దం చివర్లో కట్టించుకుని, 1919లో చనిపోయేదాకా దాన్ని తీర్చిదిద్దుతూనే ఉన్నాడు. గోథిక్ మేడ, దాని చుట్టూ తోటలు, నేల కింద గుహలు, రాళ్లు పేర్చి కట్టిన ఆల్ప్స్ కొండలు, వాటి మధ్య మాటర్‌హార్న్ శిఖరానికి చిన్న నమూనా! గోడల మీదా రాళ్ల మీదా తనకి నచ్చిన సూక్తులు, హాస్యాలు చెక్కించాడు. గడ్డి మీద నడవొద్దు అని అందరూ బోర్డు పెడితే, ఈయన నడవకుండా ఉండొద్దు అని పెట్టించాడు. ఇంత చేసినవాడు తాళం వేసుకుని కూర్చోలేదు, తోట చూడటానికి బయటివాళ్లని రానిచ్చేవాడు, వాళ్ల కోసం ఒక గైడ్ పుస్తకం కూడా అచ్చు వేయించాడు.

ఆ గైడ్ పుస్తకం సంగతి బాగా గుర్తుపెట్టుకోండి, నా లెక్కన పాటకి తాళంచెవి అదే.

1970 మొదట్లో హారిసన్ ఆ ఎస్టేట్ కొన్నాడు. అంతకుముందు అది క్రైస్తవ సన్యాసినుల చేతిలో ఉండేది, కొనేనాటికి ఇల్లు పాడుబడి, తోటంతా కలుపు పట్టిపోయి ఉంది. బీటిల్స్ విడిపోతున్న గొడవ, లాయర్లు, అంత టెన్షన్‌లో ఉన్న మనిషి ఒక పాత లాయర్ కట్టుకున్న వింత ప్రపంచంలోకి వచ్చిపడ్డాడన్నమాట. కొత్త యజమాని పాత యజమానికి రాసిన పాట ఇది. అందుకే ఇందులో ప్రేమ గొడవ లేదు, దేవుడూ ఒక్క లైనులో తప్ప రాడు, ఆ ఏడాది ఆయన రాసిన పాటల్లో అది అరుదే.

ఇప్పుడు వినండి. పాట నిడివి 3 నిమిషాల 48 సెకన్లు. మొదటిసారి భావం కోసం వెతక్కుండా, మీరెక్కడ నడుస్తున్నారో చూసుకోండి. మొదటి చరణం ఇంట్లో నేల మీంచి హాలు దాటి, గుమ్మం దాటి ఫౌంటెన్ దగ్గరికి తీసుకెళ్తుంది. తర్వాత ప్రతిధ్వని పలికే చోటు, దారి తప్పించే చిట్టడవి, కలుపు మొక్కలు. ఆ తర్వాత గుహలు, నీడ పరుచుకున్న పొడవాటి బాటలు, అడవిలో కాసేపు కూర్చోవడం. ఇంకోచోట మెట్లు ఊడ్చే ఇద్దరి పేర్లు వినిపిస్తాయి, చివరికి రాత్రిలోకి వెళ్లిపోతాం. క్రిస్ప్ అచ్చు వేయించిన గైడ్‌కి ఇది రెండో కూర్పు అనుకుంటే మాటలన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. నిర్మాత ఫిల్ స్పెక్టర్ అయితే మాటలు కాస్త మారిస్తే వేరే గాయకులు కూడా పాడతారని సలహా ఇచ్చాడట. మార్చలేదు, బతికిపోయాం.

రెండోసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఈసారి మాటలు వదిలేసి వాయిద్యాలు పట్టుకోండి. పియానో నడక మీద దృష్టి పెట్టండి, అది ఎక్కడా తొందరపడదు. దాని వెనక జారుతూ తేలుతూ వినిపించేది పెడల్ స్టీల్ గిటార్, వాయించినాయన అమెరికాలోని నాష్‌విల్‌కి చెందిన పీట్ డ్రేక్. గొంతు మీద స్పెక్టర్ మార్కు ఎకో దట్టంగా ఉంటుంది. ఈ పాట ఉన్న ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ ఆల్బమ్‌లో చాలా పాటలకి ఈ ఎకో బరువైందని నాకనిపిస్తుంది, హారిసన్ కూడా తర్వాత తర్వాత అదే మాట అన్నాడు, కానీ ఈ పాటలో గుహలూ ఖాళీ గదులూ ఉన్నాయి కాబట్టి సరిగ్గా అతికింది. చివర్లో క్రిస్ప్ పేరు మెల్లగా పిలుస్తూ పాట తగ్గిపోతుంది, వాల్యూమ్ పెంచుకునైనా అది వినండి.

ఏ వెర్షన్ వినాలి అంటారా? ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ 1970 నవంబర్‌లో మూడు ఎల్పీ రికార్డులుగా వచ్చింది, ఈ పాట అందులో మూడో వైపున ‘యాపిల్ స్క్రఫ్స్’ తర్వాత ఉంటుంది. వీలైతే ఆ పాటతో కలిపి వినండి, మౌత్ ఆర్గాన్‌తో సాగే ఆ సాదా పాట అయ్యాక ఇది మొదలవుతుంటే చీకటి గదిలోకి అడుగుపెట్టినట్టుంటుంది. గొంతు స్పష్టంగా కావాలంటే 2021లో వచ్చిన కొత్త మిక్స్ ఉంది. అదే సెట్‌లో 1970 మే 26న తీసిన డెమో, అంటే అసలు రికార్డింగ్‌కి ముందు పాడి చూసుకున్న రూపం కూడా ఉంది, హారిసన్‌తో పాటు బాస్ గిటార్ వాద్యకారుడు క్లౌస్ వూర్మన్, బీటిల్స్ డ్రమ్మర్ రింగో మాత్రమే. డెమో మాత్రం మొదట వినకండి, పాట ఒంటబట్టాక వినండి.

నచ్చితే అక్కడితో ఆగక్కర్లేదు. క్రిస్ప్ చెక్కించిన రాతల్లోంచి హారిసన్ ఇంకో రెండు పాటలు తీశాడు: 1974లో ‘డింగ్ డాంగ్, డింగ్ డాంగ్’, 1975లో ‘ది ఆన్సర్స్ ఎట్ ది ఎండ్’. రెండోది చాలా మంచి పాట, స్నేహితుడి తప్పుల్ని మైక్రోస్కోప్ పెట్టి చూడొద్దనే రాత అందులో ఉంది, మైక్రోస్కోపుల మనిషి చెక్కించాడంటే ముచ్చటేస్తుంది. మొదటిది నాకంత ఎక్కలేదు. తోట కళ్లారా చూడాలంటే 1976 నాటి ‘క్రాకర్‌బాక్స్ ప్యాలెస్’ వీడియో ఉంది, హాస్యనటుడు ఎరిక్ ఐడల్ తీశాడు, మొత్తం ఫ్రైయర్ పార్క్‌లోనే. ఆ పాట పేరు మాత్రం వేరే ఇంటిది, కలిపేసుకోకండి.

హెన్లీ వెళ్లి చూద్దామనుకునేవాళ్లకి ఒక మాట. క్రిస్ప్ కాలంలోలా ఇప్పుడు లోపలికి రానివ్వరు, అది హారిసన్ కుటుంబం ఇల్లు. గేటు దగ్గర నిలబడి లోపలున్నవాళ్లని ఇబ్బంది పెట్టడం కన్నా ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ అట్ట చూడటం నయం, పచ్చిక మీద గార్డెన్ బొమ్మల మధ్య బూట్లేసుకుని హారిసన్ కూర్చున్నది ఆ తోటలోనే. 2001 నాటి సీడీ దొరికితే లోపలి బొమ్మలు కూడా వరసగా చూడండి, అదే ఫొటోకి రంగులద్ది, చుట్టూ ఫ్యాక్టరీ పొగగొట్టాలు, ఫ్లైఓవర్లు ఒక్కొక్కటిగా పెరిగిపోతున్నట్టు చూపించాడు.