ట్రైలర్ ఊగుడు ఎలా ఆగిందంటే

మా మామ పాత మారుతి 800ను అనంతపురం నుంచి కర్నూలుకు ట్రైలర్ మీద తెచ్చాం. లాగింది బొలెరో. ఊళ్లో బాగానే వచ్చింది. 44వ నంబర్ హైవే మీద 70 దాటగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలైంది. లారీ పక్కనుంచి పోతే ఇంకా టెన్షన్. అప్పుడు బ్రేక్ తొక్కాలనిపిస్తుంది, గట్టిగా తొక్కితే ఊగుడు ఇంకా పెరగొచ్చు. స్టీరింగ్ నేరుగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే అదే సర్దుకుంది.

గుత్తి దగ్గర ఆపాం. కారును రివర్స్‌లో ఎక్కించి ఉన్నారు. "ఇంజిన్ బరువంతా వెనక్కే పడింది బావా" అన్నాడు బావమరిది. దించి, ఇంజిన్ బొలెరో వైపు వచ్చేలా మళ్లీ ఎక్కించాం. ట్రైలర్, కారు కలిపిన బరువులో 10 నుంచి 15 శాతం ట్రైలర్‌ను బొలెరోకు తగిలించే హుక్కు మీద పడాలి. తక్కువైతే ఊగుతుంది, మరీ ఎక్కువైతే బండి వెనక కుంగి ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. నాలుగు చక్రాలకూ బెల్టులు బిగించాం. సేఫ్టీ చైన్లు హుక్కు కింద ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా తగిలించాం. హుక్కు ఊడినా ట్రైలర్ మూతి రోడ్డుకు తగలకుండా అవే మోస్తాయి.

డోన్‌లో చూస్తే రెండు బెల్టులు వదులు. మళ్లీ బిగించాం. 70 వచ్చినా ఊగలేదు, అయినా 60లోనే పోనిచ్చాం. మామకైతే కారు మీద పడిన దుమ్ము గురించే బెంగ.