ట్రౌట్ చేపలు ఐస్ నీళ్లలో నానకుండా

వీకెండ్‌కి పిల్లలతో కాలిఫోర్నియాలోని బిషప్ ఊరి దగ్గర ఓవెన్స్ నదిలో ట్రౌట్ పట్టి, రాత్రికి పక్కనే ఉన్న బీఎల్ఎం (అమెరికా ప్రభుత్వ భూముల శాఖ) ఎడారి భూముల్లో టెంట్ వేసుకుంటే, మర్నాటికి కూలర్‌లో ఐస్ అంతా కరిగి చేపలు నీళ్లలో నాని మెత్తబడిపోయేవి. అక్కడ కుళాయి కూడా ఉండదు, తాగే నీళ్లు మనమే మోసుకెళ్లాలి.

ఇప్పుడు ఐస్ సంచులు కొనడం మానేశాను. రెండు లీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ బాటిళ్లు నాలుగు కడిగి, పైన మూడు వేళ్లంత ఖాళీ వదిలి తాగే నీళ్లు పోసి, బయల్దేరే రెండు రోజుల ముందే ఫ్రీజర్‌లో పెడుతున్నా. చేప పట్టగానే పొట్ట, మొప్పలు తీసేసి (ట్రౌట్‌కి పొలుసు గీకే పని లేదు, అదో సుఖం), పేపర్ టవల్‌తో లోపల కూడా తడి లేకుండా తుడిచి, జిప్ కవర్లో పెట్టి బాటిళ్ల మధ్య ఇరికిస్తే చాలు. కరిగిన నీళ్లు బాటిల్లోనే ఉంటాయి కాబట్టి మర్నాడు తాగేస్తాం, తాగే ముందు బాటిల్ బయట ఒకసారి కడుక్కోండి.

పిల్లలు జ్యూస్ కోసం అదే కూలర్ పది నిమిషాలకోసారి తెరిస్తే మాత్రం ఇది పనిచేయదు, వాళ్లకి వేరే చిన్న కూలర్ పెట్టండి. బాటిళ్లలో ఐస్ పూర్తిగా కరిగిపోయి నీళ్లు చల్లగా లేకపోతే ఆ చేపలు వండకండి.